చెరువుకట్ట మీద అరగంట

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు యాభై దాటినవాళ్లను ఎవరినైనా చెరువు గురించి కదిలించి చూడండి. "మా చిన్నప్పుడు ఈ నీళ్లు దోసిలి పట్టి తాగేవాళ్లం" అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. ఆ బాధ కూడా నిజమే. కానీ వెంటనే మూడు ప్రశ్నలు అడిగితే జవాబు రాదు. నీళ్లు ఏ ఏటినుంచి మారాయి? ఏడాదిలో ఏ నెలలో ఎక్కువ చెడిపోతాయి? నిరుటికంటే ఈ ఏడు మేలా, కీడా? చెరువు మన కళ్ల ముందే ఉంది. రోజూ దాని పక్కనుంచే వెళ్తున్నాం. అయినా ఈ మూడింటికీ మన దగ్గర సమాధానం లేదు.

ఈ అధ్యాయం ఆ సమాధానాలు సంపాదించుకోవడం గురించి. దానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక తెల్ల నలుపు రేకు, గుర్తులు వేసిన తాడు, ఒక నోటు పుస్తకం, పదిహేను రోజులకోసారి అరగంట చాలు. ఇవికాక ఇంకొకటి కావాలి, అది అంగట్లో దొరకదు. అదే చోటికి, అదే వేళకు, మనసున్నా లేకపోయినా వెళ్లి, అదే పద్ధతిలో చూసి రాసుకునే నియమం. ఊరి మీద ప్రేమ ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ ప్రేమను వారం వర్జ్యం చూసుకున్నంత క్రమంగా ఆచరించేవాళ్లే తక్కువ. చెరువుకు మేలు జరిగేది వాళ్లవల్లే.

మనకు చెరువే ఏరు

ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని మన పడమటి మండలాలు ఎత్తయిన నేల మీద ఉన్నాయి. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది. బాహుదా, కౌండిన్య, పాలారు పేరుకు నదులే గానీ, వానలకు నాలుగు రోజులు పారి తర్వాత ఇసుక తేలుతాయి. అందుకే పెద్దలు దొరికిన ప్రతి వంకకూ అడ్డంగా కట్ట వేశారు. పై చెరువు మొరవ పోతే ఆ నీళ్లు కింది చెరువుకు, అది నిండితే దాని కింది చెరువుకు చేరేలా గొలుసు కట్టారు. ఈ అమరికవల్ల ఒక చెరువులో కలిసిన మురికి కూడా ఆ చెరువుతో ఆగదు. మీ ఊరు పంపిన నీళ్లే కింది ఊరి పశువులు తాగుతాయి.

దేశంలో జరిగిన మొదటి నీటి వనరుల గణన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. చెరువులు, కుంటలు, ఇతర నీటి వనరులు కలిపి ఆంధ్రప్రదేశ్‌లో 1,90,777 ఉన్నాయని తేలింది. ఇన్నింటి దగ్గరికి నెలనెలా మనిషిని పంపి నీళ్లు పరీక్ష చేయించడం ఏ ప్రభుత్వ ప్రయోగశాలకూ సాధ్యం కాదు. కట్టకు దగ్గరలో ఉన్నవాళ్లే ఆ పని అందుకోవాలి.

చెరువును పరీక్షగా చూడడం సీమకు కొత్త విద్య కాదు. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు వేయించినది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అందులో వరసగా చెప్పారు. ఆ దోషాల్లో చౌటినేల ఒకటి. నీటి మంచిచెడ్డలు అది నిలిచే నేలతోనే మొదలవుతాయని ఆరున్నర శతాబ్దాల కిందటే రాతిలో చెక్కించారు. ఆ తర్వాతి తరాల్లో ఊరూరా నీరుగట్టు ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత వదలాలో అతనికి తెలుసు. బోర్లు వచ్చాక చాలా ఊళ్లలో ఆ పని పోయింది. చెరువును రోజూ చూసే కన్ను కూడా దాంతోపాటే పోయింది.

ఇప్పుడు ఆ కన్ను మళ్లీ కావలసిన సమయం వచ్చింది. శ్రీశైలం జలాశయం నుంచి మల్యాల దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు హంద్రీనీవా కాలువల్లో వందల కిలోమీటర్లు నడిచి, పుంగనూరు బ్రాంచి కాలువ, కుప్పం బ్రాంచి కాలువల ద్వారా మన వైపు వస్తున్నాయి. 2025 ఆగస్టు 30న కుప్పం మండలం పరమసముద్రం చెరువు దగ్గర ముఖ్యమంత్రి జలహారతి ఇచ్చారు. వాననీళ్లే ఎరిగిన చెరువులకు దూరపు నది నీళ్లు చేరడం పండగ చేసుకోవాల్సిన విషయమే. మీ చెరువుకు కాలువ నీళ్లు ఇంకా రాకపోతే మాత్రం ఆలస్యం చేయకండి. రాకముందు చెరువు ఎలా ఉండేదో ఇప్పుడే రాసిపెట్టుకోండి. నీళ్లు కలిశాక ఆ లెక్క ఇక ఎవరికీ దొరకదు. వచ్చేసి ఉంటే, వదిలినప్పుడు ఎలా ఉందో, కాలువ ఆగినప్పుడు ఎలా ఉందో ఈ ఏటినుంచే రాయండి.

మన రైతులు చేసి చూపించారు

"కొలవడం ఇంజనీర్ల పని, మనకెందుకు" అనుకునేవాళ్ల కోసం మన ఉమ్మడి జిల్లా అనుభవమే చెబుతాను. 2000 తర్వాతి దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే భూగర్భజలాల కార్యక్రమం నడిచింది. ఉమ్మడి రాష్ట్రంలో కరువు బాగా ఎరిగిన ఏడు జిల్లాల్లో చేపట్టారు. అందులో చిత్తూరు ఒకటి. ఆ కార్యక్రమంలో రైతులే వానమాపకంలో వాన కొలిచారు. పదిహేను రోజులకోసారి బావుల్లో, బోర్లలో నీటిమట్టం చూశారు. బోరు ఎంత పోస్తుందో డ్రమ్ము పెట్టి, గడియారం చూసి లెక్కగట్టారు. ఆ అంకెలను ఊళ్లో అందరికీ కనిపించేలా రాశారు. రబీకి ముందు కూర్చుని, భూమిలో ఉన్న నీళ్లెన్ని, వేయాలనుకున్న పంటలకు కావలసినవి ఎన్ని అని జమాఖర్చు చూసుకున్నారు.

ఫలానా పంట వేయకూడదని వాళ్లకు ఎవరూ ఆంక్ష పెట్టలేదు. మానుకున్నవాళ్లకు డబ్బూ ఇవ్వలేదు. నీళ్లు తక్కువని తేలినచోట చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. భూగర్భజలాల మీద ప్రపంచ బ్యాంకు 2010లో వెలువరించిన నివేదిక ఈ ప్రయత్నాన్ని ప్రత్యేకంగా చర్చించింది. ఆఫీసరు చెబితే కలగని నమ్మకం ఆ రైతులకు తాము కొలిచిన అంకె చూస్తే కలిగింది. తన చేత్తో రాసిన లెక్కను మనిషి తోసిపుచ్చలేడు. బావి దగ్గర పనిచేసిన ఈ సూత్రం చెరువు దగ్గరా పనిచేస్తుంది.

బయటి దేశాల్లో చెరువుల విషయంలోనే ఇది దశాబ్దాలుగా సాగుతోంది. అమెరికాలోని మిన్నెసోటాలో 1973 నుంచి ఊళ్లవాళ్లు తమ సరస్సుల తేటదనాన్ని తామే కొలిచి పంపుతున్నారు. 1994లో కెంట్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ కార్ల్‌సన్ ఇలాంటి వాలంటీర్ల కొలతలన్నీ ఒకచోట చేర్చే కార్యక్రమం మొదలుపెట్టారు. వాళ్లందరి చేతుల్లో ఉన్న పరికరాన్ని మీరు ఒక పూటలో ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఒక రేకు, ఒక తాడు

1865లో ఇటలీకి చెందిన ఏంజెలో సెక్కీ అనే మతాచార్యుడు, ఖగోళ శాస్త్రవేత్త, పోప్‌కు చెందిన ఓడ మీద మధ్యధరా సముద్రంలో ఒక ప్రయోగం చేశారు. గుండ్రటి పళ్లేన్ని తాడుకు కట్టి నీళ్లలోకి దించుతూ, అది ఎంత లోతులో కంటికి కనిపించకుండా పోతుందో రాసుకున్నారు. ఆ లోతే నీటి తేటదనానికి కొలత అయింది. 160 ఏళ్లు దాటినా ఆ పద్ధతి మారలేదు. మన రాష్ట్రంలోనే గోదావరి, కృష్ణా జిల్లాల చేపల, రొయ్యల రైతులకు సెక్కీ డిస్క్ బాగా తెలుసు. డిస్క్ 30 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య మాయమైతే చెరువులో పచ్చదనం సరిగా ఉందని, అంతకంటే పైనే మాయమైతే మేత, ఎరువు తగ్గించాలని వాళ్లు నిర్ణయించుకుంటారు.

చేసుకునే తీరు ఇది. 20 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి ఇనుప రేకు తీసుకోండి. దాన్ని నాలుగు సమభాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తెలుపు, రెండు నలుపు రంగు వేయండి. నిగనిగలాడే రంగు వద్దు, మెరుపు లేనిది వాడండి. నడుమ రంధ్రం చేసి తాడు బిగించండి. కింద బరువు కట్టండి, రేకు ఒరగకుండా, చదునుగా ఉంటూ తిన్నగా కిందికి దిగాలి. తాడు సాగే రకం కాకూడదు. రేకు మొదలుకుని ప్రతి 10 సెంటీమీటర్లకు చెరిగిపోని ఇంకుతో గుర్తు పెట్టండి. ఏడాదికి రెండుసార్లు టేపుతో ఆ గుర్తులు సరిచూడండి, తాడు తడిసి ఆరే కొద్దీ తేడా రావచ్చు.

కొలిచే పద్ధతి:

1. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 లోపు వెళ్లండి. ఎండ నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడే వెలుగు నీళ్లలోకి బాగా దిగుతుంది. నల్లకళ్లద్దాలు తీసేయండి.

2. నీళ్లు లోతున్న చోటే కొలవాలి. తూము దగ్గరికి గట్టి మెట్లు, వంతెన ఉంటే అక్కడినుంచి. చేపలు పట్టేవాళ్ల పుట్టి దొరికితే వాళ్లనే తోడు తీసుకుని, లైఫ్ జాకెట్ వేసుకుని వెళ్లండి. ఎంచుకున్న చోటు ఇక మార్చకండి.

3. నీడ పడే పక్కన, రేకును మెల్లగా దించండి. కనిపించకుండా పోయిన లోతు రాసుకోండి. ఇంకొంచెం దించి, మెల్లగా పైకి లాగండి. మళ్లీ కనిపించిన లోతు రాసుకోండి. రెండింటినీ కలిపి సగం చేస్తే అదే ఆ రోజు అంకె.

4. రేకు చెరువు అడుగుకు తగిలినా ఇంకా కనిపిస్తుంటే "అడుగు కనిపించింది" అని రాసి లోతు వేయండి. ఆ రోజు తేటదనం ఆ లోతుకంటే ఎక్కువని అర్థం.

5. అంకె పక్కనే తేదీ, వేళ, ఆకాశం తీరు, గాలి, గత మూడు రోజుల్లో వాన పడిందా లేదా, నీళ్ల రంగు, వాసన, నీటిమట్టం రాయండి. నెలలు గడిచాక ఈ పక్క వివరాలే అంకెకు అర్థం చెబుతాయి.

వేసవిలో చెరువు మోకాలి లోతుకు దిగినప్పుడు రేకు పనికిరాదు. అప్పుడు 60 సెంటీమీటర్ల పారదర్శకమైన అక్రిలిక్ గొట్టం వాడండి. ఒక పక్క మూసి, లోపల అడుగున చిన్న తెల్ల నలుపు గుర్తు అంటించాలి. బకెట్టుతో తెచ్చిన నీళ్లను గొట్టంలో పోస్తూ పైనుంచి చూడండి. గుర్తు మాయమైనప్పుడు గొట్టంలో నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో రాయండి. గొట్టం అంకెలను, రేకు అంకెలను వేరువేరు పేజీల్లో పెట్టండి. రెండూ కలిపితే లెక్క చెడుతుంది.

రంగు ఏం చెబుతుంది

నీళ్లు తేటగా లేవని తెలిశాక, ఎందుకు లేవన్నది తర్వాతి ప్రశ్న. కంటితోనే సగం తెలుస్తుంది. అక్టోబరు, నవంబరు వానల తర్వాత ఎర్రగా ఉంటే అది కొట్టుకొచ్చిన మట్టి. మన ఎర్రనేలల్లో ఇది సహజం. కానీ వాన ఆగిన ఎన్ని రోజులకు తేరుకుంటుందో చూడండి. ఏటేటా ఆలస్యమవుతుంటే పైన వంకల గట్లు తెగుతున్నాయేమో, చెట్టు చేమ పోయిందేమో వెళ్లి చూడాలి. వేసవిలో చిక్కటి పచ్చదనం కమ్మితే అది నాచు. పొలాల ఎరువులు, పశువుల పేడ, ఊరి మురుగు మోసుకొచ్చే నత్రజని, భాస్వరం దానికి తిండి. టమోటా మడులు చెరువుకు ఎగువన ఉన్న ఊళ్లలో ఇది గమనించాల్సిన విషయం. పాలలా తెల్లబారితే సన్నటి రాతిపొడి కావచ్చు. కుప్పం గ్రానైట్‌కు పేరున్న నేల కాబట్టి, రాయి కోసేచోట నుంచి వచ్చే వంకను కూడా చూడాలి. నల్లబడి, కుళ్లిన గుడ్డు వాసన వస్తే మురుగు చేరి నీళ్లలో ఆక్సిజన్ అయిపోయిందని గుర్తు. గుర్రపుడెక్క విపరీతంగా అల్లుకుంటే అది కూడా మురుగు తెచ్చిన బలమే.

నాచు వల్ల తగ్గే తేటదనానికి కార్ల్‌సన్ 1977లో ఒక సూచిక ఇచ్చారు. సెక్కీ లోతు 2 మీటర్లయితే సూచిక 50, 1 మీటరైతే 60, అర మీటరైతే 70. లోతు సగమైన ప్రతిసారీ సూచిక పది పెరుగుతుంది, నీళ్లలో పోషకాలు అతిగా చేరుతున్నాయని చెబుతుంది. ఈ లెక్క పచ్చనీళ్లకే పనికొస్తుంది. మట్టి కలిసిన ఎర్రనీళ్లకు వేస్తే తప్పు అర్థం వస్తుంది.

ఒక్క కొలతను చూసి కంగారు పడకండి, సంతోషించకండి. డాక్టరు కూడా బీపీ ఒక్కసారి చూసి జీవితకాలపు మందు రాయడు. వేసవిలో నీళ్లు ఇగిరి లవణాలు చిక్కబడడం, వానకు మట్టి రావడం ప్రతి ఏడూ ఉండేవే. అందుకే ఈ మార్చిని గత మార్చితోనే పోల్చాలి, మొన్నటి నవంబరుతో కాదు. ఇందుకోసమైనా ఒక పూర్తి ఏడాది ఓపిక పట్టాలి.

తేట నీళ్లన్నీ మంచినీళ్లు కావు

ఈ అధ్యాయంలో మిగతావన్నీ మరిచిపోయినా ఇది మరిచిపోకండి. రేకు తేటదనం చెబుతుంది, అంతే. అద్దంలా మెరిసే నీళ్లలో ఫ్లోరైడ్, నైట్రేట్, రోగక్రిములు ఉండవచ్చు. అవి కంటికి కనిపించవు. మీ అంకె బాగుందని చెప్పి ఎవరినీ చెరువు నీళ్లు నేరుగా తాగమనకండి.

తాగే నీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500, 2012 ప్రకారం మసకదనం 1 ఎన్‌టీయూ (మసకదనాన్ని కొలిచే ప్రమాణం) దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 5 వరకు అనుమతి. పీహెచ్, అంటే ఆమ్ల క్షార గుణం, 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు, వేరే దారి లేకపోతే 2000 వరకు. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము, గరిష్ఠంగా 1.5. నైట్రేట్ 45. మసకదనం మీద అంత పట్టింపు ఎందుకంటే, మట్టిరేణువుల చాటున దాగిన క్రిములను క్లోరిన్ సరిగా చంపలేదు.

తేటదనం కొలిచే అలవాటు కుదిరాక, మెల్లగా ఇంకో రెండు మూడు పరీక్షలు చేర్చుకోవచ్చు. నీటి వేడి థర్మామీటరుతో, కరిగిన లవణాలు పెన్నులాంటి టీడీఎస్ మీటరుతో, పీహెచ్ రంగుపట్టీలతో చూడవచ్చు. నాచు పట్టిన చెరువులో పీహెచ్ మధ్యాహ్నం పెరుగుతుంది, ఎందుకంటే ఎండలో నాచు నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేస్తుంది. అదే నాచు రాత్రంతా ఆక్సిజన్ వాడేసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. చేపలు పెంచే సంఘాల వాళ్లకు ఈ దృశ్యం బాగా ఎరుక. 25 డిగ్రీల వేడిలో లీటరు నీటిలో 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ కరగగలదు, వేడి పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. చేపలు, ఇతర జీవాలు బతకాలంటే కనీసం 4 ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ.

రసాయన పరీక్షలకు కొత్తగా ఖర్చు పెట్టకముందు ఊళ్లో ఉన్నది వెతకండి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు ఫీల్డ్ టెస్ట్ కిట్లతో నీటి పరీక్ష నేర్పాలన్నది నియమం. మీ ఊళ్లో ఆ అక్కచెల్లెళ్లు ఎవరో పంచాయతీలో అడిగి తెలుసుకోండి. కిట్టు బీరువాలో ఉంటే బయటికి తీయించండి. క్రిముల కోసం వాడే చిన్న సీసా పరీక్ష కూడా సులువే. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచితే, మలంతో కలుషితమైన నీరు నల్లబడుతుంది.

ఒక్కరు చాలరు, ముగ్గురు కావాలి

ఈ పని ఒంటరిగా మొదలుపెట్టవచ్చు, ఒంటరిగా నిలబెట్టలేరు. పెళ్లిళ్లు, జ్వరాలు, పంట కోతలు, పరీక్షలు అడ్డొస్తాయి. ముగ్గురుంటే ఒకరు రాకపోయినా కొలత ఆగదు. ఆ ముగ్గురిలో ఒకరు చెరువు మీద బతికేవాళ్లయితే మంచిది. పశువులు తోలుకొచ్చే పెద్దాయనకు, బట్టలు ఉతికే అక్కకు, వల వేసే అన్నకు తెలిసినంత చెరువు మనకు తెలియదు. "పెద్దాయనా, ఈ వాసన ముందర ఎప్పుడైనా వచ్చిందా?" అని అడగండి. వాళ్లు చెప్పింది తేదీతో రాయండి. రెండోవారు బడి పంతులో, కాలేజీ విద్యార్థో అయితే లెక్కలు చక్కగా సాగుతాయి. మదనపల్లెలో 1915 నాటి బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ నుంచి కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం దాకా చదువుకునే పిల్లలకు ఈ ప్రాంతంలో కొదవ లేదు. మూడోవారు ఊళ్లో మాట చెల్లేవాళ్లయితే అంకెలు గ్రామసభ దాకా చేరతాయి.

భద్రత విషయంలో రాజీ వద్దు. మట్టి తవ్విన చెరువుల్లో పైకి కనిపించని గుంతలుంటాయి. నీళ్లలోకి దిగి కొలవకండి. పిల్లలను కట్ట మీదే ఉంచి రాత పని అప్పగించండి. మొరవ పోతున్న రోజున, ఉరుములున్న రోజున వెళ్లకండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఉన్నది ఉన్నట్టు రాయడం

మొదటి నెల ఉత్సాహంగా సాగుతుంది. మూడో నెలకు అంకె మారదు, విసుగు పుడుతుంది. "ఇన్నిసార్లు చూశాం, అదే 40 సెంటీమీటర్లు, ఏం లాభం" అనిపిస్తుంది. ఆ మారని 40 చాలా విలువైనది. రేపు ఒక రోజు 15కు పడిపోతే, అది మామూలు కాదని చెప్పగలిగేది ఆ వరస కొలతలే. విసుగు వచ్చిన రోజు ఆ పాత పేజీలు తిరగేయండి, మీరు కట్టిన వరస మీకే ధైర్యం ఇస్తుంది.

రెండో పరీక్ష ఇంకా కష్టమైనది. ఫలానా వాళ్లవల్లే చెరువు చెడిందని మనం ముందే తీర్మానించుకుని ఉంటాం. అప్పుడు అంకె బాగా వస్తే నచ్చదు, మళ్లీ కొలవాలనిపిస్తుంది. నచ్చిన అంకె వచ్చేదాకా కొలిస్తే ఆ పుస్తకం ఎందుకూ కొరగాదు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా చెప్పింది, ముందే ఒక నిర్ణయం పెట్టుకోకుండా ఉన్నదాన్ని ఉన్నట్టు చూడమనే. కట్ట మీద నిలబడి రేకు దించేటప్పుడు ఆ మాటను ఆచరణలో పెట్టే అవకాశం వస్తుంది. కొట్టివేతలు చేయాల్సివస్తే పాత అంకె కనిపించేలా ఒక గీత గీసి, పక్కన కొత్తది రాయండి. వెళ్లలేని రోజున "కొలవలేదు" అని రాయండి. ఊహించి అంకె వేయకండి. ఈ నిజాయితీ చెరువు దగ్గర అలవడితే ఇంట్లో, ఉద్యోగంలో కూడా మీ మాటకు బరువు వస్తుంది.

అనుమానం ఉంటే మనిషి పేరు పెట్టకుండా చోటు కొలవండి. వంక చెరువులో కలిసే చోటికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి. వినాయక నిమజ్జనానికి ముందు వారం ఒకటి, తర్వాతి వారం ఒకటి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. ఆ మాట మీరు ఉత్తినే చెబితే పండగకు అడ్డొచ్చారంటారు. ముందూ తర్వాతా కొలతలు కమిటీ పెద్దల ముందు పెట్టి, "మట్టి వినాయకుడిని పెడదాం అన్నా" అంటే వినేవాళ్లు ఉంటారు.

లెక్క పట్టుకుని ఆఫీసుకు

పొరుగున ఉన్న కోలారు జిల్లాలో జరిగింది మనకు పాఠం. బెంగళూరు మురుగును శుద్ధి చేసి అక్కడి చెరువులు నింపే కేసీ వ్యాలీ పథకం 2018 జూన్‌లో మొదలైంది. జులైలోనే లక్ష్మీసాగర చెరువులో నురగ తేలింది. స్థానికుల ఆందోళనతో నీటి విడుదల ఆగి, వ్యవహారం కర్ణాటక హైకోర్టు దాకా వెళ్లింది. నురగను ఎవరైనా చూడగలరు. నురగ రాకముందు జరిగే మార్పును చూడగలిగేది పుస్తకం ఉన్నవాళ్లు మాత్రమే. పాలారు కోలారు మీదుగానే కుప్పం వైపు వస్తుంది కాబట్టి మనం ఇంకా మెలకువగా ఉండాలి.

కనీసం ఒక ఏడాది కొలతలు చేరాక, వాటిని ఒకే కాగితం మీద గీతగా గీయండి. అడ్డంగా నెలలు, నిలువుగా లోతు. పల్లె అయితే పంచాయతీ కార్యదర్శికి, పట్టణమైతే మున్సిపల్ కమిషనర్‌కు, చెరువు కట్ట, తూముల విషయమైతే జలవనరుల శాఖకు, ఫ్యాక్టరీ మురుగని అనుమానముంటే కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వండి. 1997 చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘం మీ చెరువుకు ఉంటే ముందు వాళ్లకే చూపించండి. కోపం వెళ్లగక్కకుండా ఒకే ఒక్క కోరిక రాయండి: "ఈ రెండు నెలల్లో ఈ చోట తేడా వచ్చింది, మీ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి." నకలు మీద సంతకం, తేదీ తీసుకోండి. మీ రేకు తీర్పు చెప్పదు. ఎక్కడ, ఎప్పుడు వెతకాలో ప్రయోగశాలకు చూపిస్తుంది. వాలంటీరు ఇవ్వగలిగిన గొప్ప సాయం అదే.

ఈ పక్షం మీరు చేయాల్సినవి

- మీ ఇంటికి దగ్గరగా ఉన్న ఒకే ఒక్క చెరువును ఎంచుకోండి. దాని నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో, మొరవ పోతే ఏ చెరువుకు చేరతాయో వంక వెంట నడిచి చూసి, చేత్తో పటం గీయండి.
- ఆ చెరువును ఎరిగిన ముగ్గురు పెద్దలతో మాట్లాడి, వాళ్ల జ్ఞాపకాలు ఏ ఏటివో రాసుకోండి.
- రేకు, తాడు సిద్ధం చేసుకోండి. ఇద్దరు తోడుగాళ్లను ఒప్పించండి.
- నెలలో రెండు తేదీలు ఖాయం చేసి క్యాలెండరు మీద రాయండి. ఉగాది నుంచే మొదలుపెట్టాలని ఆగకండి.
- మొదటి కొలత తీసి, నోటు పుస్తకం మొదటి పేజీలో ముగ్గురూ సంతకం చేయండి.

మొదటి కొలతకు ఏ అర్థమూ ఉండదు, ఉన్నట్టు కూడా అనిపించదు. వచ్చే ఏడు అదే నెలలో తీసిన కొలత దాని పక్కన చేరినప్పుడు, మొదట్లో అడిగిన మూడు ప్రశ్నల్లో ఒకదానికి మీ ఊళ్లో మొదటిసారిగా కచ్చితమైన జవాబు ఉంటుంది. మిగతా రెండింటి కోసం కొలుస్తూనే ఉండండి.